సోలెడు తవుడు

కిలో పద్దెనిమిది చొప్పున పదకొండు కిలోల నాలుగొందల గ్రాములు.
రెండొందల అయిదు. ఇరవై పైసలు వదిలేశాడు అసిరయ్య.
నరసన్నపేట కాంప్లెక్సు వెనక
పాత ఇనప కొట్లో, కాటా మీద
నెత్తిన ఏనాటిదో ఆయుధపూజ పసుపుతో
కూర్చుని ఉంది పెట్టె.
"రైసుమిల్లుది, అమ్మీ. గుమస్తా లెక్కలు రాసీవోడు.
సచ్చి పన్నెండేళ్లయినాది."

మూత విప్పితే లోపల తవుడు.
ఫ్యాను రెక్కల మీద, తీగల సందుల్లో,
మదర్‌బోర్డు మీద మెత్తగా
ఎవరో పక్క పరిచినట్టు.
పెయింటు బ్రష్షుతో ఊడ్చి కవర్లో పోశాను.
పారెయ్యడానికి చెయ్యి రాలేదు, ఎందుకో.

మొదటి రాత్రి మూడు పొడుగు కూతలు, అంతే.
మెమరీ పట్టీలు పీకి
తమ్ముడి స్కూలు రబ్బరుతో వాటి పళ్లు తోమాను.
రెండో రాత్రి లెక్కపెట్టడం మొదలెట్టింది:
ఆరొందల నలభై, వెయ్యి, రెండు వేలు,
ఎనిమిది వేల నూట తొంభై రెండు.
ఎక్కడా తడబడలేదు. తడబడింది కరెంటే.
ఈ ఊళ్లో మిల్లులు ఆగితేగాని వోల్టేజి నిలబడదు.
సెల్లు రిపేర్లన్నీ పక్కకి నెట్టి
దోమల చక్రం వెలిగించి
పదకొండున్నర దాటాక కూర్చోవాలి.

మూడో రాత్రి.
వేరే పెట్టెలో లినక్స్ ఎక్కించి తెచ్చిన డిస్కు బిగించాను.
ఫ్లాపీ గరగరలాడింది
గోనెలో ఎండు జీడిపిక్కలు కదిలినట్టు.
నల్లటి తెర మీద తెల్లటి వరసలు పైకి పాకాయి:
ఇదిగో కీబోర్డు, ఇదిగో డిస్కు,
సౌండు కార్డు లేదు,
నెట్‌వర్కు ఎప్పుడూ లేదు.
కొత్త యంత్రాలు ఒక బొమ్మ చూపించి ఊరుకుంటాయి,
లోపలేం జరుగుతోందో పొక్కనివ్వవు.
ఇది మాత్రం జ్వరం నించి లేచిన మనిషిలా
కాలూ చెయ్యీ తడుముకుంటూ
ఉన్నదీ లేనిదీ పైకే చెప్పుకుంటోంది.

కెర్నెల్ అంటే గింజట.
ఊకా తవుడూ పోయాక ఇంకా గింజ ఉందే
అనుకుంటూ ఉండగా ఆగింది.

డిస్కుని చివరిసారి తెరిచిన తేదీ భవిష్యత్తులో ఉందిట.

గడియారం బ్యాటరీ పోయింది కదా.
దాని లెక్కలో ఇవాళ
పంతొమ్మిదొందల ఎనభై, జనవరి ఒకటి, మంగళవారం.
మా అమ్మకింకా పెళ్లి కాలేదు.
మా మామ్మ పొలానికి చద్ది మోస్తూ ఉంటుంది.
తేదీ సరిచెయ్యడానికి రెండు ముక్కలు కొడితే చాలు.
కాసేపు కొట్టకుండా ఉన్నాను.

తర్వాత పేరడిగింది.
ప్రతి యంత్రానికీ ఒక పేరుండాలి, అది పద్ధతి.

మామ్మకి ముందు ఇద్దరు పురిట్లోనే పోయారు.
దీన్ని చేటలో పడుకోబెట్టి
పక్కింటావిడ చేతికి ఇచ్చేసి
సోలెడు తవుడు కొలిచి మళ్లీ కొనుక్కున్నారు.
అంత చవక పిల్ల మనకేటికని
చావు ఇంకో వీధి చూసుకుందట.
ఎనభై నాలుగేళ్లు బతికింది.
రేషను కొట్లో ఆ పేరు గట్టిగా పిలిస్తే
కొంగు మూతికడ్డం పెట్టుకునేది.

టీ మీట గట్టిగా నొక్కితేగాని పడదు.
నొక్కాను.
తవిటమ్మ, లాగిన్ అని వచ్చింది.
పక్కన కర్సరు ఆరుతూ, వెలుగుతూ.

పొద్దున్న టీ గ్లాసుతో అసిరయ్య తొంగిచూశాడు.
"బతికిందేటి?"
"బతికింది."
"అయితే మరో వందిచ్చీ అమ్మీ.
సచ్చిందని తూకానికిచ్చినాను గానీ."
బల్ల కింద కవరు తీసి చేతిలో పెట్టాను.
సోలెడుంటుంది.
ముడి విప్పాడు, వాసన చూశాడు.
నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు.
మళ్లీ ముడేసి లుంగీ మడతలో దోపుకుని
"పేరేటెట్టినావు?" అన్నాడు.